తూటాకు అడ్డుపడితే పతకం, నోరు తెరిస్తే జైలు: అంగరక్షకుడు ఏబ్రహాం బోల్డెన్ చరిత్ర

ధైర్యసాహసాలకు రాజ్యం పతకాలిస్తుంది. ఏ ధైర్యానికి ఇస్తుంది, ఏ ధైర్యానికి ఇవ్వదు అన్న ప్రశ్నను మాత్రం చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు. పోలీసు ఉద్యోగాల్లో అంగరక్షకుడిది విచిత్రమైన స్థానం. మన దగ్గర జనం ‘గన్‌మన్’ అని పిలిచేది ఇతన్నే. డ్యూటీలో ఉన్నంతసేపూ అతని ఒళ్ళు అతనిది కాదు. పక్కన నడిచే పెద్దమనిషి మీదికి తూటా వస్తే ఆ ఒళ్ళు అడ్డం వెయ్యాలి. బతికితే చేతికి పతకం, చస్తే ఇంటికి పతకం. ఇందులో దాపరికమేమీ లేదు. ఆ ఉద్యోగం షరతే అది.

ఐతే అంగరక్షకుడికి ఒళ్ళుతోపాటు కళ్ళూ ఉంటాయి, నోరూ ఉంటుంది. అధికారం పక్కనే రోజంతా నిలబడతాడు కాబట్టి బయటివాళ్లు చూడనివి చూస్తాడు. చూసింది చెప్తే ఏమవుతుంది? చెప్పేవాడు అణగారిన జాతి నుంచి మొట్టమొదటిసారి ఆ స్థానంలోకి అడుగుపెట్టినవాడైతే ఏమవుతుంది? అమెరికా అధ్యక్షుడి అంగరక్షక దళంలోకి వెళ్లిన తొలి నల్లజాతి మనిషి ఏబ్రహాం బోల్డెన్ జీవితాన్ని మేము ఈ ప్రశ్నలతో చదువుతున్నాం. పైవాడి కోసం ఒళ్ళు పెట్టే ధైర్యాన్ని రాజ్యం వెంటనే గుర్తిస్తుంది. పైవాడి తప్పు గురించి సాక్ష్యం చెప్పే ధైర్యాన్ని మొదట నేరంగా చూస్తుంది, అర్ధశతాబ్దం గడిచాక, ఎవరికీ ప్రమాదం లేదని తేలాక, మెచ్చుకుంటుంది. ఇదీ మా వాదన.

అమెరికా నల్లవాళ్ల చరిత్ర మనకు పరాయిది కాదు. జోతీరావు ఫూలే 1873లో ‘గులాంగిరి’ని బానిసత్వ నిర్మూలనకు పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. 1946లో డాక్టర్ అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాసి, నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న విజ్ఞాపన ప్రతుల్ని అడిగాడు. 1972లో బొంబాయి దళిత యువకులు బ్లాక్ పాంథర్ల స్ఫూర్తితో తమ సంఘానికి దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. ఆ బంధుత్వంతోనే ఈ చరిత్రలోకి వెళ్తున్నాం.

1. పేరు చెరిపేసిన మనిషి

అమెరికా అధ్యక్షుడికి కాపలా కాసే సంస్థ పేరు సీక్రెట్ సర్వీస్. అది 1865లో దొంగనోట్లు పట్టుకోవడానికి ట్రెజరీ శాఖ కింద పుట్టింది. అధ్యక్షుడిని పూర్తికాలం కాపాడే పని దానికి 1902లో గానీ రాలేదు. ఆ మార్పు వెనక 1901 సెప్టెంబరు 6న బఫెలో నగరంలో జరిగిన కాల్పులున్నాయి.

ఆ రోజు ఎగ్జిబిషన్‌లో అధ్యక్షుడు విలియం మెకిన్లీ జనంతో చేతులు కలుపుతున్నాడు. వరుసలో వచ్చిన లియోన్ చోల్గోష్ చేతికి చుట్టుకున్న రుమాల్లో తుపాకి దాచుకుని రెండుసార్లు కాల్చాడు. చుట్టుపక్కల సీక్రెట్ సర్వీస్ వాళ్లున్నారు, సైనికులున్నారు, స్థానిక పోలీసులున్నారు. వరుసలో చోల్గోష్ వెనక నిలబడిన జేమ్స్ పార్కర్ అనే నల్లజాతి మనిషి అతని మీదికి దూకి కొట్టి పడేశాడు. మూడో తూటా పేలలేదు. పార్కర్ 1857లో జార్జియాలో బానిసగా పుట్టినవాడు. కొంతకాలం సవానా పట్నంలో కానిస్టేబుల్‌గా చేశాడు. ఎగ్జిబిషన్‌కు హోటల్లో వడ్డించే పని మీద వచ్చాడు.

మొదటి రోజుల్లో పత్రికలన్నీ పార్కర్ని ఆకాశానికెత్తాయి. సెప్టెంబరు 14న మెకిన్లీ చనిపోయాడు. అదే నెలాఖరులోగా చోల్గోష్ విచారణ జరిగింది. ఆ విచారణకు పార్కర్ని సాక్షిగా పిలవలేదు. సీక్రెట్ సర్వీస్ ఏజెంట్లు బోనెక్కి, హంతకుణ్ణి పట్టుకున్నది తాము, సైనికులేనన్నట్టు చెప్పారు. ఆ నల్లవాడు తమ కంటికే కనిపించలేదన్నారు. నల్లజాతి సంఘాలు, పత్రికలు నిరసన తెలిపాయి గానీ కోర్టు రికార్డు మారలేదు. పార్కర్ 1907లో ఫిలడెల్ఫియాలో పిచ్చాసుపత్రిలో చనిపోయాడు. శవాన్ని తీసుకోవడానికి ఎవరూ రాకపోతే వైద్య విద్యార్థుల కోతకు ఇచ్చేశారు.

జీతం లేకుండా, హోదా లేకుండా అధ్యక్షుడికి అంగరక్షకుడైన ఆ మనిషి ఒంటితో చేసిన పని మొదట అందరికీ కావాల్సివచ్చింది. ఆ పనిని కోర్టులో చెప్తే తెల్ల ఉద్యోగుల చేతకానితనం బయటపడుతుంది. అందుకని సాక్షుల జాబితాలో అతనికి చోటు లేకపోయింది. ఈ సంగతి గుర్తుపెట్టుకుని ముందుకు పోదాం.

2. ఈస్ట్ సెంట్ లూయిస్ నుంచి వైట్‌హౌస్ దాకా

ఏబ్రహాం బోల్డెన్ 1935 జనవరి 19న ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఈస్ట్ సెంట్ లూయిస్‌లో పుట్టాడు. 1917లో తెల్లమూకలు నల్లవాడల మీద పడి ఇళ్లు తగలబెట్టి మనుషుల్ని చంపిన ఊరది. అక్కడ పెరిగిన పిల్లలకు పోలీసు ఎవరి పక్షమో పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిన అవసరం ఉండదు.

బోల్డెన్ చదువుకున్నది మిస్సోరీలోని లింకన్ విశ్వవిద్యాలయంలో. దాని పుట్టుక గురించి ఒక మాట చెప్పాలి. అంతర్యుద్ధంలో పోరాడిన నల్ల సైనికులు తమ జీతాల్లోంచి చందాలు వేసుకుని 1866లో పెట్టుకున్న బడి అది. అక్కడ సంగీతంలో డిగ్రీ తీసుకున్న బోల్డెన్ ముందు పింకర్టన్ అనే ప్రైవేటు డిటెక్టివ్ సంస్థలోను, తర్వాత నాలుగేళ్లు ఇల్లినాయ్ రాష్ట్ర పోలీసుశాఖలోను పనిచేశాడు. 1960 అక్టోబరులో సీక్రెట్ సర్వీస్ షికాగో కార్యాలయంలో ఏజెంటుగా చేరాడు. ఆ సంస్థలో తొలి నల్లజాతి ఏజెంటు ఆయన కాదు. 1956లోనే ఛార్లెస్ గిటెన్స్ చేరాడు. ఐతే నల్ల ఏజెంట్లను దొంగనోట్ల కేసులకే వాడారు. అధ్యక్షుడి చుట్టూ ఉండే వలయంలోకి రానివ్వలేదు.

1961 ఏప్రిల్ 28న కెన్నెడీ షికాగోకు వచ్చాడు. మెకార్మిక్ ప్లేస్ అనే పెద్ద హాల్లో విందు. బోల్డెన్‌కు పడిన డ్యూటీ కింది అంతస్తులో మరుగుదొడ్డి తలుపు దగ్గర. ఆయన తన జ్ఞాపకాల్లో రాసుకున్న ప్రకారం అటుగా వచ్చిన కెన్నెడీ ఆగి, నువ్వు షికాగో పోలీసువా, సీక్రెట్ సర్వీస్ మనిషివా అని అడిగాడు. వైట్‌హౌస్ దళంలో నల్లవాడెవరైనా ఉన్నారా అని అడిగి, లేరంటే, నువ్వు మొదటివాడివవుతావా అన్నాడు. మరుగుదొడ్డి కాపలా నుంచి అధ్యక్షుడి పక్కకు దారి అట్లా తెరుచుకుంది.

ఈ సంఘటనను కెన్నెడీ ఉదారత కింద రాసిన రచనలున్నాయి. మేము దాన్ని ఇంకోవైపు నుంచీ చూడాలంటాం. 1960 ఎన్నికల్లో కెన్నెడీ ఇల్లినాయ్ రాష్ట్రాన్ని తొమ్మిదివేల లోపు ఓట్ల తేడాతో గెలిచాడు. షికాగో నల్లవాడల ఓట్లు లేకపోతే ఆ గెలుపు లేదు. కాబట్టి ఆ తలుపు తీసినవాళ్లలో కెన్నెడీతోపాటు లైన్లో నిలబడి ఓటేసిన నల్ల కార్మికులూ ఉన్నారు.

3. వలయం లోపల

1961 జూన్‌లో బోల్డెన్ వైట్‌హౌస్ దళంలో చేరాడు. అక్కడ ఉన్నది సుమారు నెల రోజులే. ఆ నెల రోజుల సంగతులకు ప్రధాన ఆధారం ఆయన మాటలే: 2008లో అచ్చయిన జ్ఞాపకాలు, అంతకుముందు ఇచ్చిన వాంగ్మూలాలు. అధికార పత్రాల్లో ఉన్నదాన్ని, ఆయన చెప్పినదాన్ని మేము కలగలపకుండా విడివిడిగా పెడుతున్నాం.

ఆయన చెప్పిన ప్రకారం ఒక పై అధికారి ముఖం మీదే నల్లవాళ్లను తిట్టే బూతు మాట అని, నువ్వెప్పటికీ అంతేనన్నాడు. తోటి ఏజెంట్లలో కొందరు డ్యూటీకి ముందు తాగేవాళ్లు, కొందరు తాగే డ్యూటీకి వచ్చేవాళ్లు. నల్లవాళ్ల హక్కుల మాట ఎత్తాడని కెన్నెడీ మీద వాళ్లకు ఎంత కసి అంటే, కాల్పులు జరిగితే మేం అడ్డుపడం అని తమలో తాము అనుకునేవాళ్లు. బోల్డెన్ ఈ సంగతుల్ని పై అధికారుల దృష్టికి తీసుకుపోయాడు. ఫలితం లేకపోయింది. షికాగోకు తిరిగి వచ్చేశాడు. అక్కడి ఆఫీసులో ఆయన కూర్చునే చోట ఉరితాడు వేలాడదీశారని కూడా రాశాడు. ఉరితాడు అంటే అమెరికా నల్లవాళ్లకు ఏమిటో మనకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మనకు చెప్పులదండ ఎట్లాంటిదో వాళ్లకు అది అట్లాంటిది, ఇంకా చావుకు దగ్గరైనది.

వెనక్కి వచ్చాక కూడా ఆయన పని మానలేదు. దొంగనోట్ల కేసుల్లో మంచి పేరు తెచ్చుకున్నాడు. ‘మొదటివాళ్ల’ జీవితాల్లో మామూలుగా కనిపించే సంగతే ఇది. తోటివాళ్లకంటే రెండింతలు పనిచేస్తే తప్ప సమానంగా చూడరని వాళ్లకు ముందే తెలుసు.

4. పతకాలు, తొమ్మిదిమంది, ఒక అరెస్టు

1963 నవంబరు 22న డల్లస్‌లో కెన్నెడీ హత్య జరిగింది. తూటాలు పేలుతుండగా వెనక కారు మీంచి దూకి, పరుగెత్తి, అధ్యక్షుడి కారు ఎక్కినవాడు క్లింట్ హిల్. డిసెంబరు 3న ట్రెజరీ శాఖ ఆయన్ని సన్మానించింది. ఉపాధ్యక్షుడు జాన్సన్ మీద తన ఒళ్ళు కప్పిన రూఫస్ యంగ్‌బ్లడ్‌కు మర్నాడు పతకం ఇచ్చింది. హత్య జరిగి రెండు వారాలైనా కాలేదు. ఆ ఇద్దరి ధైర్యాన్ని మేము చిన్నచూపు చూడటం లేదు. అధ్యక్షుణ్ణి కాపాడలేకపోయానన్న బాధతో హిల్ దశాబ్దాలు నలిగిపోయాడు. అంగరక్షకుడి ధైర్యం మీద సంస్థ పరువు ఎంత ఆధారపడి ఉంటుందో ఆ తొందర చెప్తుంది. అంతవరకే మా మాట.

ఇక రెండోవైపు చూద్దాం. హత్యకు ముందు రాత్రి ఫోర్ట్‌వర్త్‌లో తొమ్మిదిమంది ఏజెంట్లు ప్రెస్‌క్లబ్బులో మద్యం తీసుకున్నారని వారెన్ కమిషన్ రికార్డు చేసింది. అధ్యక్షుడితో ప్రయాణంలో ఉన్నప్పుడు తాగితే ఉద్యోగమే పోతుందని సంస్థ నియమం. 1964 జూన్‌లో సంస్థ అధిపతి జేమ్స్ రౌలీ కమిషన్ ముందు సాక్ష్యమిచ్చాడు. వాళ్లను శిక్షిస్తే హత్యకు వాళ్లే కారణమన్న మచ్చ వాళ్లమీద, భార్యాపిల్లలమీద పడుతుందని, అందుకని శిక్షించలేదని చెప్పాడు. ఎంత కరుణ!

ఆ కరుణ ఎవరికి దొరకలేదో చూడాలి. రౌలీ సాక్ష్యానికి నెల ముందు, 1964 మేలో, శిక్షణ పేరుతో బోల్డెన్‌ని వాషింగ్టన్ పిలిపించారు. అక్కడి నుంచి వారెన్ కమిషన్‌తో మాట్లాడటానికి తాను ప్రయత్నించానని ఆయన చెప్పాడు. రెండు విషయాలు చెప్పాలనుకున్నాడు: ఏజెంట్ల తాగుడు, నిర్లక్ష్యం ఒకటి. డల్లస్‌కు మూడు వారాల ముందు, నవంబరు 2న కెన్నెడీ షికాగో రావలసి ఉండగా అక్కడ కూడా హత్యకు కుట్ర జరిగిందన్నది రెండోది. ఆయన్ని వెంటనే షికాగో తీసుకొచ్చి అరెస్టు చేశారు. దొంగనోట్ల నిందితుడు జోసెఫ్ స్పాగ్నోలీకి ప్రభుత్వ ఫైలును 50,000 డాలర్లకు అమ్మజూపాడన్నది ఆరోపణ.

తాగినవాళ్ల పెళ్ళాంబిడ్డల పరువు గురించి ఆలోచించిన సంస్థే, తాగుడు సంగతి చెప్పబోయినవాడి పెళ్ళాంబిడ్డల్ని వీధినపడేసింది.

5. కోర్టు ఎవరి మాట విన్నది

మొదటి విచారణ 1964 జులైలో జరిగింది. జ్యూరీ తేల్చుకోలేక ఆలోచిస్తూ ఉండగానే జడ్జి శామ్ పెర్రీ జోక్యం చేసుకుని, తన అభిప్రాయంలో ముద్దాయి దోషేనని వాళ్లకు చెప్పాడు. ఐనా ఒక్కరు ఒప్పుకోలేదు. పదకొండుమంది ఒకవైపు, ఒక్కరు ఇంకోవైపు. ఆ విచారణ రద్దయింది. ఆగస్టులో రెండో విచారణకు కూర్చున్నది కూడా అదే జడ్జి. ఈసారి దోషి అన్నారు. ఆరేళ్లు శిక్ష.

1965 జనవరిలో స్పాగ్నోలీ తన సొంత కేసులో, అదే పెర్రీ ఎదుట బోనెక్కి, బోల్డెన్ కేసులో తాను అబద్ధం చెప్పానని, ప్రాసిక్యూటరే అట్లా చెప్పమన్నాడని అన్నాడు. న్యాయం పేరున నడిచే ఏ కోర్టులోనైనా ఈ మాటతో కేసు మళ్లీ మొదటికి రావాలి. రాలేదు. పై కోర్టు అప్పీలు కొట్టేసింది. చూడండి, స్పాగ్నోలీ నల్లవాడికి వ్యతిరేకంగా చెప్పినప్పుడు నమ్మదగ్గ సాక్షి, ఆ మాట అబద్ధమని తనే చెప్పినప్పుడు పనికిరాని నేరస్థుడు. సాక్షి మనిషి మారలేదు. అతని మాట ఎవరికి పనికొస్తుందన్నది మారింది.

బోల్డెన్ మూడేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. అందులో కొంతకాలం మిస్సోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్ జైలు ఆసుపత్రిలో మానసిక రోగుల వార్డులో పెట్టారు. బలవంతంగా మందులు మింగించబోయారని ఆయన రాశాడు. 1907లో పార్కర్ చనిపోయింది ఎక్కడో ఇందాక చెప్పుకున్నాం. నల్ల సాక్షి మాటను కొట్టెయ్యలేకపోతే అతని మతినే కొట్టెయ్యడం పాత పద్ధతి.

1969లో విడుదలయ్యాక ఆయన కార్ల పరిశ్రమలో నాణ్యత తనిఖీ సూపర్‌వైజర్‌గా పనిచేసి 2001లో రిటైరయ్యాడు. ఈలోగా 1978లో కెన్నెడీ హత్యపై ప్రతినిధుల సభ వేసిన కమిటీ ఆయన్ని విచారించింది. షికాగో కుట్ర గురించి ఆయన చెప్పినదాన్ని అక్కడ పనిచేసిన మరే ఏజెంటూ బలపరచలేదని, దానికి పత్రాల రుజువు దొరకలేదని 1979 నివేదికలో రాసింది. మేము కూడా ఆ కుట్ర రుజువైందని చెప్పటం లేదు. ఐతే పత్రాల గురించి ఒక సంగతి చెప్పుకోవాలి. 1963 చివరి నెలల్లో కెన్నెడీ ప్రయాణాల రక్షణ నివేదికలు కొన్నింటిని సీక్రెట్ సర్వీస్ 1995లో ధ్వంసం చేసింది. ఆ రికార్డులన్నీ భద్రపరచాలని 1992లోనే చట్టం వచ్చింది. ఈ సంగతిని రికార్డుల సమీక్షా బోర్డు 1998 తుది నివేదికలో నమోదు చేసింది. పత్రాలు ఎవరి చేతిలో ఉంటాయో వాళ్లే పత్రాల రుజువు అడగటం మనకూ అనుభవమే. భూమి కేసుల్లో పట్టా ఎవరి బీరువాలో ఉంటుందో మనకు తెలియదా?

6. తప్పు చెయ్యనివాడికి క్షమాభిక్ష

2022 ఏప్రిల్ 26న అధ్యక్షుడు బైడెన్ బోల్డెన్‌కు క్షమాభిక్ష ప్రకటించాడు. అప్పటికి ఆయన వయసు 87. అరెస్టయి 58 ఏళ్లు. కీలక సాక్షులు ప్రాసిక్యూటర్ అడిగితే అబద్ధం చెప్పామని ఒప్పుకున్న సంగతిని ఆ ప్రకటన ప్రస్తావించింది. సీక్రెట్ సర్వీస్‌లో జాత్యహంకారానికి వ్యతిరేకంగా మాట్లాడినందుకు, అన్యాయాన్ని ఎదిరించిన ధైర్యానికి ఆయన ఎన్నో గౌరవాలు అందుకున్నాడని రాసింది. అధ్యక్ష భవనం కాగితం మీద బోల్డెన్ పేరు పక్కన ‘ధైర్యం’ అన్న మాట చేరడానికి అంతకాలం పట్టింది.

మన భాషలో ఈ మాటను ఒకసారి విప్పి చూస్తే దాని అసలు స్వభావం తెలుస్తుంది. క్షమ, దాని పక్కన భిక్ష. క్షమించడానికి తప్పుండాలి. భిక్ష వెయ్యడానికి పైన చెయ్యి ఉండాలి. ఆయనకు తప్పు లేదు. రాజ్యం చెయ్యి మాత్రం పైనే ఉండిపోయింది. తీర్పు తప్పని ఏ కోర్టూ చెప్పలేదు. అబద్ధపు సాక్ష్యం పుట్టించినవాళ్ల మీద విచారణ జరగలేదు. బోల్డెన్ కుటుంబానికి అది సంతోషమే, అందులో అనుమానం లేదు. చరిత్ర లెక్కలో మాత్రం దాన్ని న్యాయం అని రాసుకోలేం.

ఆ అరవై ఏళ్లలో సంస్థ లోపల ఏం మారింది? 2000లో నల్లజాతి ఏజెంట్లు కొందరు కలిసి, ప్రమోషన్లలో తమను తొక్కిపెడుతున్నారని కోర్టుకెక్కారు. 2008 ఏప్రిల్‌లో సీక్రెట్ సర్వీస్ శిక్షణ కేంద్రంలో ఉరితాడు దొరికింది. ఆ కేంద్రానికి ఉన్న పేరు జేమ్స్ రౌలీ. తాగినవాళ్లమీద కరుణ చూపిన ఆ రౌలీయే. ఏజెంట్ల కేసు 2017 జనవరిలో రాజీ అయింది. వందమందికి పైగా ఏజెంట్లకు 2 కోట్ల 40 లక్షల డాలర్లు ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. తప్పు జరిగిందని మాత్రం ఒప్పుకోలేదు.

7. ఒక్క మనిషి సరిపోడు

ఈ చరిత్ర నుంచి మనం తీసుకోవలసింది ఏమిటి? సాక్షికి ఏ గతి పడుతుందో మన నేల మీదే చూశాం. 1991 ఆగస్టు 6న చుండూరులో జరిగిన హత్యాకాండకు సాక్షిగా నిలబడ్డ దళిత యువకుడు నెల తిరగ్గానే పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు వాటన్నిటినీ కొట్టేసింది. చనిపోయినవాళ్లున్నారు, చూసినవాళ్లున్నారు, చంపినవాళ్లు మాత్రం చట్టం దృష్టిలో లేకుండా పోయారు. కాబట్టి దళితుడు పోలీసుల్లోకి, సచివాలయంలోకి, విశ్వవిద్యాలయంలోకి వెళ్లడం ఎంత ముఖ్యమో, వెళ్లినవాడి మాట నిలబడే ఏర్పాటు అంతకంటే ముఖ్యం.

బోల్డెన్ మరుగుదొడ్డి తలుపు దగ్గర్నుంచి వైట్‌హౌస్‌కు ఒంటరిగా వెళ్లాడు, ఒంటరిగా చూశాడు, ఒంటరిగా చెప్పాడు. మరో ఏజెంటు బలపరచలేదని కమిటీ రాసింది. ఆయన పక్కన ఇంకో నల్ల ఏజెంటును నిలబడనిచ్చారా అని మాత్రం అడగలేదు. 2000లో కోర్టుకెక్కినవాళ్లు గుంపుగా వెళ్లారు కాబట్టి పదిహేడేళ్లు పట్టినా వాళ్లలో ఎవరికీ జైలు పడలేదు, చివరికి ఎంతో కొంత దక్కింది. ఒక్కడిని లోపలికి రానిచ్చి ఫోటో తీసుకోవడం పాలకులకు కష్టం కాదు. పదిమంది లోపలికి వచ్చి సంఘం పెట్టుకుంటే కష్టం. అంబేద్కర్ ప్రాతినిధ్యం గురించి అంత పట్టుదలగా కొట్లాడింది పదిమంది కోసమే.

విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఒక విన్నపం. హోంగార్డుగా, కానిస్టేబుల్‌గా, గన్‌మన్‌గా రిటైరైన మనవాళ్లు ప్రతి పేటలో ఉన్నారు. ఎవరి ఇంటిముందు ఎండలో నిలబడ్డారో, ఎక్కడ అన్నం విడిగా పెట్టారో, ఏ లాఠీచార్జిలో సొంత కులపోళ్లమీదికే ఉరకమన్నారో వాళ్లకు తెలుసు. వాళ్ల పతకాల జాబితా పోలీసుశాఖ దగ్గర దొరుకుతుంది. వాళ్లు చూసింది ఏ శాఖ దగ్గరా దొరకదు. తేదీతో, ఊరితో, వాళ్ల మాటల్లోనే రాసి పెడదాం. పార్కర్ మాటను కోర్టు అడగలేదు, బోల్డెన్ మాటకు కాగితం లేదన్నారు. మనవాళ్ల దగ్గరికి ఆ ప్రశ్న వచ్చేనాటికి కాగితం మన దగ్గర ఉండాలి.